చినమావయ్య పడవ

పోయిన నెల రిచ్‌మండ్ హిల్‌లో మా ఆవిడ తరఫు బంధువుల ఇంటికి భోజనానికి వెళ్లాం. వచ్చినవాళ్లలో చాలామంది హైదరాబాదు నుంచి అమెరికా మీదుగా ఇక్కడికి చేరిన సాఫ్ట్‌వేర్ వాళ్లు. నేను పక్కనే వాన్ అనే ఊళ్లో ఒక వేర్‌హౌస్‌లో షిఫ్టు సూపర్‌వైజర్‌ని, ఇంటర్మీడియెట్‌తో చదువు ఆపినవాణ్ని. అలాంటి చోట్ల చెప్పుకోడానికి నా దగ్గర రెండే ఉంటాయి. ఒకటి, లైబ్రరీ నుంచి తెచ్చుకుని చదివిన పుస్తకాలు. రెండోది పడవ కథ. ఆ రోజు కూడా భోజనాలయ్యాక ఆ ఇంటాయన, "అంకుల్, మీ పడవ కథ చెప్పండి, వీళ్లు వినలేదు" అన్నాడు. చెప్పాను. సముద్రం ఒడ్డు ఊళ్లో ఉండగా మా చినమావయ్య నన్ను పడవలో ఒక పబ్బుకి తీసుకెళ్లడం, చేప ముక్కలు తింటూ ఆయన టైమ్ మర్చిపోవడం, ఏట్లో నీళ్లన్నీ ఇగిరిపోయి మేమిద్దరం బురదలో కొంగల్లా నిలబడటం, ఫైర్ ఇంజిన్ వాళ్లొచ్చి తాళ్లతో లాగడం. ఎక్కడ ఆగాలో, ఎక్కడ చినమావయ్య గొంతు పెట్టాలో నాకు బాగా అలవాటు. అందరూ కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వారు. మా ఆవిడ మాత్రం మధ్యలోనే లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది.

తిరిగొస్తుంటే కార్లో అంది: "మా బాబాయ్‌ని ఇంకా ఎన్నేళ్లు ఆ బురదలో కూర్చోబెడతారండీ?"

"నవ్వుకోడానికే కదా" అన్నాను.

"గోదావరి మొగలో పుట్టి పెరిగినవాడు పోటు నీళ్లు వెనక్కి తిరగడం చూడలేదంటే నేను నమ్మాలా? ఏడేళ్లుగా అడగలేదు. ఇప్పుడూ అడగను. చెప్పాల్సినవాళ్లకి మీరే చెప్పండి."

ఇన్నేళ్లూ నవ్వించిన ఆ కథని నేను జరిగింది జరిగినట్టు రాయడం ఇదే మొదటిసారి.

వాన్‌కి రాకముందు నోవా స్కోషియాలో, ఫండీ అఖాతం ఒడ్డున ఒక చిన్న ఊళ్లో నాలుగేళ్లున్నాం. నాకు అక్కడ చేపల ఫ్యాక్టరీ కోల్డ్ స్టోరేజీలో లెక్కలు చూసే ఉద్యోగం. మా ఆవిడ చిన్నాన్న, అంటే నాకు చినమావయ్య, వర్క్ పర్మిట్ మీద అదే ఫ్యాక్టరీకి వచ్చి మా ఇంట్లోనే ఉండేవాడు. పగలంతా పీతల డిప్పలు ఒలిచే పని. కాకినాడ దిగువన ఉప్పుటేళ్ల మధ్య, మడ అడవుల్లో పడవ మీద పెరిగిన మనిషి. చదువు ఐదో తరగతి. అరవైకి దగ్గరపడుతున్నా నడకలో తూలుడు ఉండేది కాదు. నన్ను "అల్లుడు గారూ" అని పిలిచేవాడు, నేను చెప్పే ప్రతిదానికీ "ఆయ్" అనేవాడు. ఆ "ఆయ్" నాకు ఎంత ఇష్టమో అప్పట్లో నాకు తెలియదు. సాఫ్ట్‌వేర్ బంధువుల ముందు నేను నోరు తెరవడానికి సందేహించేవాణ్ని. చినమావయ్య ముందు మాత్రం నేనే పండితుణ్ని.

ఫండీలో సముద్రం పొంగేంత ఎత్తు ప్రపంచంలో మరెక్కడా పొంగదంటారు. పోటుకి నీళ్లు రేవు గోడ అంచుదాకా వస్తాయి. ఆరు గంటల తరవాత పాటుకి అదే రేవులో పడవలు నాలుగంతస్తుల కింద, చాక్లెట్ రంగు బురద మీద పక్కకి ఒరిగి పడుకుని ఉంటాయి. వచ్చిన కొత్తలో చినమావయ్య రేవు గోడ మీద నిలబడి కిందికి చూసి, "సముద్రాన్ని ఎవరో ఎత్తుకుపోయారండీ!" అన్నాడు. మర్నాటి నుంచీ డ్యూటీ దిగగానే అక్కడికెళ్లి నిలబడేవాడు. ఇండియా నుంచి తెచ్చుకున్న తెలుగు క్యాలెండర్ మంచం పక్కన గోడకి కొట్టుకుని, తిథి చూసి, వేళ్ల మీద ఏవో ఘడియలు లెక్కేసి, "రేపు పోటు ఇవాళ్టికంటే రెండు ఘడియలు ఆలస్యం" అనేవాడు. నేను ఆ ఊరి లైబ్రరీకి వెళ్లి పోటుపాట్ల మీద ఉన్న పుస్తకాలన్నీ తెచ్చుకున్నాను. ఉన్నవి రెండు గదులే అయినా ఆ లైబ్రరీలో సముద్రానికి మాత్రం మూడు అరలు. చంద్రుడూ సూర్యుడూ ఒకే వరసలో ఉంటే ఏమవుతుందో, స్నానాల తొట్టిలో నీళ్లు ఊగినట్టు అఖాతంలో నీళ్లు ఎందుకు ఊగుతాయో రోజూ అన్నం దగ్గర చెప్పేవాణ్ని. "ఆయ్" అంటూ వినేవాడు. ఒకసారి మాత్రం, "ఇవన్నీ తెలిశాక ఇంక నీళ్ల దగ్గరికి వెళ్లక్కర్లేదేమోనండి" అన్నాడు. మెచ్చుకోలనుకున్నాను.

మా వీధి చివర ఒక పెద్దావిడ ఉండేది. భర్త పోయాక ఆయన చేసుకున్న చిన్న తెరచాప పడవ షెడ్డులో బోర్లా పడి ఉంది. చినమావయ్య రోజూ ఆగి దాన్ని చూసేవాడు. ఒకరోజు లోపలికెళ్లి చేత్తో తట్టి చూశాడట. ఆవిడ బయటికొచ్చింది. ఈయనకి వచ్చిన ఇంగ్లీషు ఇరవై మాటలు, ఆవిడకి తెలుగు సున్నా. అయినా ఆ చలికాలమంతా వాళ్లిద్దరూ ఆ షెడ్డులోనే గడిపారు. ఈయన పాత రంగు గోకి, సందులకి పీచు దట్టించి, తెరచాప చిరుగులు కుట్టాడు. ఆవిడ స్టూలు మీద కూర్చుని టీ పోసింది. వేసవి రాగానే ఆవిడ షెడ్డు తాళంచెవి ఈయన చేతిలో పెట్టి, నన్ను పిలిపించి ఒక షరతు చెప్పమంది: శనివారాలు పడవ తీసుకెళ్లవచ్చు, ఎవరినైనా ఎక్కించుకోవచ్చు, కానీ చుక్కాని దగ్గర ఎప్పుడూ అతనే ఉండాలి, నీళ్ల మీద మాట అతనిదే. చినమావయ్య తాళంచెవిని మొలతాడుకి కట్టుకున్నాడు. ఆవిడ ఆయన్ని కెప్టెన్ అని పిలిచేది. ఫ్యాక్టరీలో ఆయనకో నంబరు ఉండేది, దాంతోనే పిలిచేవాళ్లు. అందుకని ఆ పిలుపు విన్నప్పుడల్లా కాస్త నిటారుగా నిలబడేవాడు.

ఆ వేసవి మా ఇద్దరికీ మంచి వేసవి. ఫండీ ఒడ్డున గడ్డి మైదానాల్లోకి మెలికలు తిరుగుతూ పోయే ఉప్పుటేళ్లు ఎన్నో ఉన్నాయి. పాటుకి అవి బురద కాలవలు. పోటు వస్తే రెండు మూడు గంటలు మాత్రం నిండుగా ఏళ్లవుతాయి. నీళ్లతో పాటు నురగ గీత ఒకటి ముందుకు పాకుతూ వస్తుంది. దాని వెనకే మేము. పడవ అడుగున పైకి లాక్కునే పలక ఒకటుంది. లోతు తగ్గుతోందని చినమావయ్య ఎలా పసిగట్టేవాడో గానీ నేలకి తగిలేలోపే, "పలక ఎత్తండి అల్లుడు గారూ" అనేవాడు. పలక ఎత్తడమే నా ఉద్యోగం. రెండు పక్కలా మనిషెత్తు గడ్డి, ఉప్పు వాసన, ఎక్కడో ఆవు అరుపు, పడవ కింద నీళ్ల చప్పుడు. ఏటి చివర తరచుగా ఒక పాత రేవు, రేవు మీద ఒక పబ్బు. నేను ఒక బీరు, ఆయన అల్లం సోడా. వేయించిన చేప ముక్కలు తెస్తే పైనున్న మైదా పొర ఒలిచి, "చలికి దీనికీ దుప్పటి కప్పారండీ" అని జేబులోంచి కారప్పొడి పొట్లం తీసేవాడు. కానీ ఆయన బల్ల దగ్గర కుదురుగా కూర్చునేవాడు కాదు. దిగగానే నీళ్ల అంచున ఒక పుల్ల పాతేవాడు. పావుగంటకోసారి లేచి చూసొచ్చేవాడు. నీళ్లు పుల్లని దాటి పైకి వస్తున్నంతసేపు తినేవాడు. పుల్ల మీద తడి మిగిలిందంటే చెయ్యి తుడుచుకుని లేచేవాడు. ప్లేటులో సగం ఉన్నా సరే.

ఈలోగా ఆ ఊళ్లో నాకూ కొంచెం పేరొచ్చింది. పెద్దావిడ లైబ్రరీ కమిటీలో ఉండేది. నేను తీసుకెళ్లే పుస్తకాల సంగతి ఆవిడ చెవిన పడింది. "సెప్టెంబర్‌లో పోటుపాట్ల గురించి లైబ్రరీలో మాట్లాడతావా?" అని అడిగింది. నన్ను మాట్లాడమని ఎవరైనా అడగడం నా జన్మలో అదే మొదలు. రాత్రి పగలు అదే ధ్యాస. ఆ ధ్యాసలో ఉండగా ఒక పుస్తకంలో ఒక సంగతి దొరికింది. ముద్రించిన పోటు పట్టికల్లో వేళలు చలికాలపు గడియారం ప్రకారం ఉంటాయి, వేసవిలో గడియారాలు గంట ముందుకి జరుపుతారు కాబట్టి చూసేవాళ్లు ఒక గంట కలుపుకోవాలి. ఊళ్లో ఎంతమందికి తెలుసు ఇది? రేవు దగ్గర అంటించిన పోటు వేళల కాగితాన్ని కాపీ తీయించుకుని, పెన్సిలుతో ప్రతి వేళకీ ఒక గంట కలిపి రాసుకున్నాను. చక్కగా, వరసగా. ఉపన్యాసంలో దాన్ని చూపించాలని కూడా అనుకున్నాను.

ఆగస్టు చివరి శనివారం. ఎప్పుడూ వెళ్లని దూరపు ఏటికి వెళ్దామన్నాను, దాని చివర పబ్బు చాలా బాగుంటుందని ఎవరో చెప్పారు. చినమావయ్య తటపటాయించాడు. "తెలియని ఏరు కదండీ. మలుపులెక్కడో మెరకెక్కడో." నేను కాగితం చూపించాను. "పోటు మూడూ పదికి. మూడింటికి అక్కణ్నుంచి తిరిగి బయల్దేరితే ఏరు నిండుగా ఉంటుంది. టైము నాకు వదిలేయండి." ఆయన కాగితం కేసి చూసి, ఆకాశం కేసి చూసి, వేళ్లు మడిచాడు. "నా లెక్కకి ఇంకాస్త ముందే వస్తోందండి" అన్నాడు. "మీది ఇండియా క్యాలెండరు, మావయ్య గారూ" అన్నాను. "ఆయ్" అన్నాడు.

గాలి బాగుండి ఒకటిన్నరకే పబ్బు చేరాం. రెండున్నరకి ఆయన బయటి నుంచి వచ్చి నా కుర్చీ పక్కన నిలబడ్డాడు.

"నీళ్లు తిరిగిపోయాయి అల్లుడు గారూ. లేవండి."

"ఇంకా నలభై నిమిషాలు పైకే వస్తాయి."

"పుల్ల మీద నాలుగు వేళ్ల తడి ఉందండి."

"అలలకి తడిసి ఉంటుంది."

"ఏట్లో అలలెక్కడివండీ? గడ్డి కూడా సముద్రం వైపు వంగింది, చూడండి ఒకసారి వచ్చి."

కిటికీలోంచి చూసినా కనబడేదే. నేను చూడలేదు. "మావయ్య గారూ, ఇదేమైనా కాకినాడ అనుకున్నారా? ఇక్కడ సైంటిస్టులు లెక్కగట్టి పెట్టిన టైములు. పుల్లలు పాతి చూసుకునే ఊరు కాదిది" అన్నాను. వడ్డించే అమ్మాయి వచ్చి ఏమైనా కావాలా అని అడిగింది. "ఏం లేదు, ఆయనకి ఇంటికెళ్లాలని తొందర" అని ఇంగ్లీషులో చెప్పి ఇంకో బీరు తెమ్మన్నాను. నీళ్ల మీద మాట ఆయనదేనని పెద్దావిడ షరతు. ఆయన గట్టిగా చెయ్యి పట్టుకుని లాగి ఉంటే వెళ్లేవాణ్ని. కానీ ఇంటి అల్లుడి చెయ్యి పట్టుకుని లాగే మనిషి కాదు. బయటికెళ్లి పడవలో కూర్చున్నాడు. నేను మూడుంబావుకి వెళ్లేసరికి తెరచాప విప్పి, తాడు చేత్తో పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. అప్పటికి పడవ రేవు మెట్ల కన్నా ఎంతో కిందికి దిగిపోయింది.

మూడో మలుపులో ఆగిపోయాం. పలక ఎత్తినా, తెడ్డుతో నెట్టినా కదల్లేదు. చూస్తుండగానే నీళ్లు పక్కల నుంచి జారిపోయాయి. పడవ మెల్లిగా ఒరిగింది. బురదలో కనబడకుండా పాతి ఉన్న ఏదో పాత గుంజ మీద ఒరిగినట్టుంది, పక్క చెక్క ఫట్‌మని విరిగిన చప్పుడు. చినమావయ్య ఆ చోట అరచెయ్యి వేసి అలాగే ఉంచాడు, జ్వరం చూసినట్టు. నేను కాగితం తీశాను. మొదటిసారి దాని అడుగున ఉన్న చిన్నక్షరాలు చదివాను. ఆ వేళలు రేవు వాళ్లే వేసవి గడియారానికి మార్చి టైపు చేయించినవి. కలపాల్సిన గంట అప్పటికే కలిపి ఉంది. నేను దాని మీద ఇంకో గంట కలిపాను. కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకున్నాను. ఆయన నా చేతుల కేసి చూస్తున్నాడు.

పబ్బు వాళ్లు ఫోన్ చేసినట్టున్నారు, ఐదున్నరకి అగ్నిమాపక దళం వాలంటీర్లు చెక్కబల్లలు పరుచుకుంటూ వచ్చి మమ్మల్ని నడుముకి తాళ్లు కట్టి లాగారు. మోకాళ్ల దాకా బురద, ఒక చెప్పు పోయింది. కథలో అందరూ నవ్వేది ఇక్కడే. గట్టు మీద పెద్దావిడ నిలబడి ఉంది. ఎవరో కబురు పెడితే తన పికప్ నడుపుకుంటూ వచ్చింది. ఆవిడ ముందు పడవని చూసింది, తరవాత చినమావయ్యని. మెల్లిగా, ఒక్కొక్క మాటా విడదీసి అడిగింది: "కెప్టెన్, నీళ్లు తిరగడం నువ్వు చూడలేదా?"

ఆయన నా వైపు తిరిగాడు. "ఏం జరిగిందో చెప్పండి అల్లుడు గారూ" అన్నాడు. కోపంగా కాదు. పనిచేసే చోట ఇంగ్లీషు అవసరమైనప్పుడల్లా అన్నట్టే అన్నాడు.

రెండు వారాల్లో నా ఉపన్యాసం. ఆవిడే ఏర్పాటు చేసింది. ఆవిడ ముఖం చూసి ఇంగ్లీషులో అన్నాను: "ఆయన చాలా బాధపడుతున్నారు. టైమ్ చూసుకోలేదట."

అంతే. రెండు వాక్యాలు. ఆ రెండింటికీ వ్యాకరణం తప్పులేదు, ఉచ్చారణ బాగుంది. ఆవిడ కాసేపు ఆయన్నే చూస్తూ ఉంది, ఇంకేదైనా వస్తుందేమోనని కాబోలు. తరవాత చెయ్యి చాపింది. చినమావయ్య పక్కకి తిరిగి, తడిసిన చొక్కా ఎత్తి, మొలతాడు ముడి విప్పడానికి ప్రయత్నించాడు. బురద వేళ్లకి ముడి చిక్కలేదు. చాలాసేపు పట్టింది. తాళంచెవిని ప్యాంటు మీద తుడిచి మరీ ఆవిడకి ఇచ్చాడు. "సారీ" అన్నాడు. దేనికి సారీ చెబుతున్నాడో నేను ఒక్కణ్నే ఎరుగుదును అనుకున్నాను.

ఉపన్యాసం ఇచ్చాను. పాతికమంది వచ్చారు, బిస్కెట్లు పెట్టారు. ఆ పెన్సిలు కాగితం చూపించలేదు, వేసవి గంట సంగతి ఎత్తలేదు. చినమావయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి వెనక వరసలో కూర్చున్నాడు. చివర అందరితో పాటు చప్పట్లు కొట్టాడు. పెద్దావిడ ఆయన్ని పలకరించింది గానీ కెప్టెన్ అనలేదు. తరవాతి వేసవిలో ఆ పడవకి కొత్త చెక్క పడింది, వేరే ఎవరో నడిపారు. శనివారాలు ఆయన ఓవర్‌టైమ్ తీసుకునేవాడు. పర్మిట్ అయిపోయే ముందు ఎడ్మంటన్‌లో ఒక పెద్ద వంటశాలలో ఉద్యోగం దొరికింది. సముద్రం ఎటు వెళ్లినా వెయ్యి కిలోమీటర్లు ఉండే ఊరు. "అక్కడ చలెక్కువట కదా" అని అడిగితే, "ఉండనీండి, నీళ్లు గడ్డకట్టి ఒకచోట ఉంటాయిలెండి" అన్నాడు. మేము వాన్ వచ్చేశాం. ఎప్పుడు మొదలైందో గుర్తులేదు, ఎవరో అడిగితే ఆ రోజు గురించి చెప్పాను. వాళ్లు నవ్వారు. ఇంకోసారి చెప్పాను. చెప్పగా చెప్పగా ఒక్కో అబద్ధం నిజంలా నున్నబడుతుంది. ఒక దశలో చినమావయ్య నిజంగానే ప్లేటు ముందు టైమ్ మర్చిపోయి కూర్చున్నట్టు నా కళ్లకి కనబడేది కూడా.

కార్లో మా ఆవిడ ఆ మాటన్న మర్నాడు ముందుగా పెద్దావిడకి ఉత్తరం రాశాను. రెండు వారాలకి అది విప్పకుండానే తిరిగి వచ్చింది. ఆ చిరునామాలో ఆవిడ లేదని పోస్టు వాళ్ల ముద్ర. ఆవిడ ఉందో లేదో కనుక్కునే ధైర్యం ఇంకా చేయలేదు. ఆదివారం ఎడ్మంటన్‌కి ఫోన్ చేశాను. కుశల ప్రశ్నలయ్యాక, "మావయ్య గారూ, ఆ రోజు గట్టు మీద పెద్దావిడకి నేను తప్పు చెప్పాను. టైమ్ తప్పింది నేను. మీ మీద పెట్టాను" అన్నాను.

అటు వైపు గిన్నెల చప్పుడు ఆగింది.

"తెలుసండి" అన్నాడు. "ఆ మాత్రం ఇంగ్లీషు అప్పటికే వచ్చండి నాకు."

"మరి అక్కడే ఎందుకు అనలేదు?"

"మీరే చెబుతారేమోనని చూశానండి. లైబ్రరీకి కూడా అందుకే వచ్చాను. అందరి ముందూ కాకపోయినా, అయిపోయాక ఆవిడతో ఒక్క మాట అంటారేమోనని చివరిదాకా కూర్చున్నాను. బాగా మాట్లాడారు." మళ్లీ ఏదో గిన్నె కదిపిన చప్పుడు. "ఆ తరవాత కూడా కొన్నాళ్లు చూశానండి. ఇంక తరవాత పనిలో పడిపోయాను."

ఆ "కొన్నాళ్లు" ఎన్నాళ్లో అడగలేకపోయాను. ఈ ఏడేళ్లలో ఏదో ఒక రోజున ఆయన నా మాట కోసం చూడటం మానేసి ఉంటాడు. అది నేను డ్యూటీ దిగి, కూరగాయలు కొనుక్కుని, లైబ్రరీలో ఆగి కొత్త పుస్తకం ఒకటి తెచ్చుకుని హాయిగా నిద్రపోయిన ఏదో మామూలు రోజే అయి ఉంటుంది.